ఇరవై రెండేళ్ళ తర్వాత నార్మన్ ఇంటికొచ్చాడు

వంటింట్లో ఓ మనిషి అతిథికి శాండ్‌విచ్ చేసి పెడుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా, భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాడు. నవ్వితే మొహంలో ఇంకా కుర్రతనం కనిపిస్తుంది. నవ్వు ఆగగానే అదీ మాయమవుతుంది. రొట్టె ముక్కలు సిద్ధమయ్యాయి. కొయ్యాలంటే చాకు కావాలి. సొరుగులో చాకు కనబడగానే చెయ్యి ఆగిపోయింది. చాకులు, చెంచాలు, ఫోర్కులు అన్నిటినీ కలిపి ఇంగ్లిష్‌లో ‘కట్లరీ’ అంటారు. రోజూ వాడే మాటే. ఆ మాట మొదటి అక్షరం దగ్గరే అతని నాలుకకి అడ్డం పడింది. ఎదురుగా ఉన్న అమ్మాయి గమనించింది. చూస్తున్న మనమూ గమనించాం.

ఆ తడబాటు గట్టిగా మూడు సెకన్లుండదు. అక్కడ అరుపులు లేవు, కీచుమనే వయొలిన్లు లేవు, నెత్తురు లేదు. అయినా ఆ మనిషి ఇన్నేళ్ళుగా తనకు తానే ఎలా కాపలా కాసుకుంటున్నాడో ఆ కాస్త సమయంలో అర్థమైపోతుంది.

ఆ మనిషి నార్మన్ బేట్స్. సినిమా ‘సైకో 2’. 1983 జూన్ 3న విడుదలైంది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ 1960 జూన్‌లో వచ్చింది. ఈ రెంటికీ మధ్య 23 ఏళ్ళు. మొదటిదానిలో నార్మన్‌గా నటించిన ఆంథొనీ పెర్కిన్సే రెండోదానిలోనూ నటించాడు. అప్పుడతనికి 27 ఏళ్ళు, ఇప్పుడు 50.

డిగ్రీ చదివే రోజుల్లో మేం నలుగురం వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని ఈ రెండు సినిమాలూ ఒకే రాత్రి వరసగా చూశాం. తెల్లవారేసరికి గదిలో తీర్పు కూడా అయిపోయింది. మొదటిది గొప్పది, రెండోది దాని పేరు మీద డబ్బు చేసుకోవడానికి తీసింది అనుకున్నాం. చాలా ఏళ్ళు ఆ తీర్పునే నలుగురికీ చెబుతూ వచ్చాను. ఈ మధ్య రెండో సినిమా మళ్ళీ చూశాను. ఇప్పుడు నాది నార్మన్ వయసు. ఆ రాత్రి మేం చెప్పింది తప్పుడు తీర్పని తెలిసింది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఇలాంటి సినిమాని అసలు ఎలా తూచాలో చెబుదామనే ఈ కథనం.

ముందే ఒక మాట. ముగింపు చెప్పకుండా ఈ సినిమా గురించి నిజాయితీగా మాట్లాడటం కుదరదు. చూద్దామనుకుంటున్నవాళ్ళు చూసొచ్చాకే మిగతాది చదవండి.

అంత పెద్ద అప్పు

ఒక సినిమాకి కొనసాగింపు తీయడమంటే ఆ సినిమా దగ్గర అప్పు చేయడమే. మరి ‘సైకో’ దగ్గర చేసిన అప్పు ఎంతటిది?

హిచ్‌కాక్ ఆ సినిమాని సొంత డబ్బుతో, దాదాపు 8 లక్షల డాలర్లతో తీశాడు. పారామౌంట్ వాళ్ళకి కథ నచ్చలేదు. దాంతో తన టీవీ ధారావాహికకి పనిచేసే బృందాన్నే పెట్టుకుని, నలుపు తెలుపులో, యూనివర్సల్ వాళ్ళ స్థలంలో చిత్రీకరించాడు. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన నవల హక్కులు 9,500 డాలర్లకి వచ్చాయి. కొంటున్నది హిచ్‌కాక్ అని రచయితకి తెలియనివ్వలేదు. ఇంత పొదుపుగా తీసిన సినిమా ప్రేక్షకుడు కథని నమ్మే పద్ధతినే తలకిందులు చేసింది.

ఎలాగంటే, మనం మేరియన్ క్రేన్ వెంట బయల్దేరతాం. ఫీనిక్స్‌లో ఓ ఆఫీసు ఉద్యోగి. 40 వేల డాలర్లు ఎత్తుకుని కారెక్కింది. పోలీసు వెంటపడతాడా, డబ్బు తిరిగిచ్చేస్తుందా, ప్రియుడు ఏమంటాడు అని మన ఆలోచనలు మనకుంటాయి. వానలో దారి తప్పి ఓ మోటెల్‌కి చేరుతుంది. 12 గదులు, పన్నెండూ ఖాళీ. మోటెల్ నడిపే కుర్రాడు మర్యాదస్థుడు. గడ్డి కూరి నిలబెట్టిన పక్షుల మధ్య కూర్చోబెట్టి శాండ్‌విచ్, పాలు పెడతాడు. ఆమె మనసు మారుతుంది. పొద్దున్నే వెనక్కి వెళ్ళి తప్పు దిద్దుకుందామనుకుంటుంది. స్నానానికి వెళుతుంది. సినిమా సగం కూడా కాకముందే కథానాయిక చనిపోతుంది.

ఆ స్నానాల గది హత్య తెర మీద నిమిషం లోపే అయిపోతుంది. తీయడానికి మాత్రం వారం పట్టింది. నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాలు తప్ప మరేవీ లేకుండా సంగీతం కట్టాడు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వద్దని హిచ్‌కాక్ థియేటర్లకి షరతు పెట్టాడు. ఇవన్నీ సినిమా ప్రియులకి తెలిసినవే. దృశ్యం అయిపోయాక జరిగేది నాకు వీటన్నిటికంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. నార్మన్ బకెట్, తుడుపుగుడ్డ తెచ్చి గది కడుగుతాడు. ఓ మాట లేకుండా, తొందరపడకుండా నేల తుడుస్తూ ఉంటాడు. శవాన్ని కారు డిక్కీలో పెట్టి, కారుని ఊబిలోకి తోస్తాడు. మునుగుతూ మునుగుతూ కారు మధ్యలో ఆగిపోతుంది. ఆ క్షణాన మన గుండె కూడా ఆగుతుంది. కారు మునగాలని కోరుకుంటాం! హత్యని దాచిపెట్టేవాడి పక్షాన నిలబడిపోయామని తర్వాతగానీ తెలియదు.

‘సైకో’ భయం అక్కడుంది. ఆ తర్వాత వచ్చిన చాలా సినిమాలు దాని నుంచి కత్తిని తీసుకున్నాయి, బకెట్‌ని వదిలేశాయి.

ఆ గొప్ప సినిమాలోనూ లోపం ఉందని చెప్పకపోతే తూకం సరిగ్గా ఉండదు. చివర్లో ఓ మానసిక వైద్యుడు నిలబడి, నార్మన్ తల్లిని ఎందుకు చంపాడో, ఆమె గొంతు అతనిలో ఎలా చేరి మేరియన్‌ని చంపించిందో చాలాసేపు పాఠం చెబుతాడు. అప్పటిదాకా చూపులతో నడిచిన సినిమా మాటల్లో చిక్కుకుంటుంది. ఆ వెంటనే వచ్చే నార్మన్ మొహం, ఆ నవ్వు, సినిమాని మళ్ళీ నిలబెడతాయి. తొలి సినిమాకి ఈ లోపాన్ని మన్నించిన మనం రెండోదానికి అంత ఉదారంగా ఉండం. ఆలస్యంగా వచ్చే సీక్వెల్‌కి జరిగే మొదటి అన్యాయం ఇదే. మొదటి సినిమాలోని గొప్ప ఘట్టాలే మన జ్ఞాపకంలో మిగులుతాయి. వాటి పక్కన రెండోదాన్ని మొత్తంగా నిలబెట్టి తూస్తాం.

హిచ్‌కాక్ లేని ఇల్లు

హిచ్‌కాక్ 1980 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. 1982లో రాబర్ట్ బ్లాక్ తన నవలకి తానే రెండో భాగం రాశాడు. అందులో నార్మన్ ఓ సన్యాసిని దుస్తుల్లో ఆస్పత్రి నుంచి తప్పించుకుంటాడు. కథ హాలీవుడ్ చేరుతుంది. అక్కడ అతని మీదే సినిమా తీస్తుంటారు. నెత్తుటి సినిమాలతో సొమ్ము చేసుకుంటున్న పరిశ్రమని బ్లాక్ అందులో గట్టిగా ఎండగట్టాడు. యూనివర్సల్‌కి అది నచ్చలేదు. ఆ నవలని పక్కనపెట్టి వేరే కథ రాయించుకుంది.

ఆ కొత్త కథ రాసే పని టామ్ హాలండ్‌కి దక్కింది. దర్శకత్వం ఆస్ట్రేలియాకి చెందిన రిచర్డ్ ఫ్రాంక్లిన్‌ది. ఫ్రాంక్లిన్ కాలిఫోర్నియాలో చదువుకునే రోజుల్లోనే హిచ్‌కాక్‌ని తమ విశ్వవిద్యాలయానికి పిలిపించి మాట్లాడించిన అభిమాని. ‘సైకో 2’కి ముందు ‘రోడ్‌గేమ్స్’ అనే థ్రిల్లర్ తీశాడు. అందులో నాయిక జేమీ లీ కర్టిస్. స్నానాల గదిలో చనిపోయిన మేరియన్‌గా నటించిన జానెట్ లీ కూతురే ఈమె. నిర్మాత హిల్టన్ గ్రీన్ మొదటి ‘సైకో’కి సహాయ దర్శకుడు. అంటే ఆ ఇంటి సంగతులు తెలిసినవాడే ఇప్పుడు తాళంచెవి పట్టుకున్నాడు. హిచ్‌కాక్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ విట్‌లాక్ నేపథ్య చిత్రాలు గీశాడు. యూనివర్సల్ స్థలంలో ఆ ఇల్లు ఇంకా నిలిచే ఉంది. మోటెల్ లేదు, మళ్ళీ కట్టారు.

పెర్కిన్స్ మొదట వెనకాడాడు. అందుకు కారణం ఉంది. అతను అంతకుముందే ఆస్కార్ నామినేషన్ పొందిన నటుడు, 1961లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు. అయినా లోకం దృష్టిలో ఎక్కడికెళ్ళినా నార్మనే. రెండు దశాబ్దాలు ఆ నీడ నుంచి బయటపడాలని చూసిన మనిషిని మళ్ళీ ఆ ఇంట్లోకే రమ్మంటున్నారు. కథ చదివాక ఒప్పుకున్నాడు. అందులో ఏముందో చూస్తే ఎందుకు ఒప్పుకున్నాడో తెలుస్తుంది.

743 సంతకాలు

సినిమా పాత స్నానాల గది దృశ్యంతోనే మొదలవుతుంది, నలుపు తెలుపులో, ఉన్నదున్నట్టు. అది ముగిసి కొండ మీది ఇల్లు కనిపిస్తుంది. చూస్తుండగానే ఆ నలుపు తెలుపులోకి మెల్లగా రంగు దిగుతుంది. తెల్లవారుతుంది. 22 ఏళ్ళు గడిచిపోయాయని చెప్పడానికి దర్శకుడికి ఒక్క మాట కూడా అవసరపడలేదు.

తర్వాత కోర్టు. 22 ఏళ్ళ చికిత్స తర్వాత నార్మన్ మనసు కుదుటపడిందని తేల్చి విడుదల చేస్తారు. ఓ నడివయసు స్త్రీ లేచి అరుస్తుంది. ఈ హంతకుణ్ణి వదలొద్దంటూ 743 మంది సంతకాలు పెట్టిన అర్జీ ఆమె చేతిలో ఉంది. ఆమె లైలా, చనిపోయిన మేరియన్ చెల్లెలు. మొదటి సినిమాలో అక్క కోసం ఆ ఇంటి నేలమాళిగ దాకా వెళ్ళిన అమ్మాయి. ఆ పాత్రలో అప్పుడు నటించిన వెరా మైల్స్‌నే ఇప్పుడూ తీసుకున్నారు. ఆమె కోపం న్యాయమైనది, దుఃఖం నిజమైనది. సినిమా ఆమెని చులకన చేయదు. అందువల్లే తర్వాత ఆమె చేసే పని మనల్ని అంతగా బాధపెడుతుంది.

నార్మన్‌కి ఓ చిన్న హోటల్లో వంటవాడికి సాయం చేసే పని దొరుకుతుంది. అక్కడే పనిచేసే మేరీ అనే అమ్మాయి (మెగ్ టిల్లీ) పరిచయమవుతుంది. ఉండటానికి చోటు లేదంటే తన ఇంట్లో గది ఇస్తాడు. మోటెల్ చూస్తున్న మేనేజరు దాన్ని చెడు పనుల అడ్డాగా మార్చాడని తెలిసి వెళ్ళగొడతాడు. గోడలకి రంగు వేయడం మొదలుపెడతాడు. సినిమా మొదటి సగమంతా ఓ మనిషి మామూలుగా బతకడానికి పడే అవస్థే.

ఇంతలో హోటల్లో ఆర్డరు చీటీలు గుచ్చే చక్రం తిప్పుతుంటే, శాండ్‌విచ్‌లూ కాఫీల్లాంటి మామూలు ఆర్డర్ల మధ్య ఓ చీటీ కనిపిస్తుంది. అది అమ్మ రాసింది. ఇంట్లో ఫోన్ మోగితే అవతల అమ్మ గొంతు. చనిపోయిన అమ్మ! పై కిటికీలో ఎవరో నిలబడ్డట్టుంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. నార్మన్ ఎవరికి చెప్పుకోగలడు? నాకు మళ్ళీ అమ్మ మాటలు వినబడుతున్నాయంటే, ఆ క్షణమే అతన్ని వెనక్కి పంపేస్తారు.

ఇదంతా చేస్తున్నది లైలా. మేరీ ఆమె కూతురు. నార్మన్‌ని మళ్ళీ పిచ్చివాణ్ణి చేసి ఆస్పత్రికి పంపాలని తల్లీకూతుళ్ళు పన్నిన పన్నాగం. అయితే అతనితో నాలుగు రోజులు మెలిగాక మేరీ మనసు మారుతుంది. ఈ మనిషికి నిజంగానే నయమైందని నమ్మడం మొదలుపెడుతుంది. తల్లి నమ్మదు.

ఈ ఘట్టం దగ్గర నాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. నా తరానికి ‘సైకో’ మొదట ఓ సినిమా పేరు. ఇప్పుడది తెలుగు మాట. 2015లో పశ్చిమ గోదావరి జిల్లాలో ఆడవాళ్ళకి ఎవడో సూదులు గుచ్చి పారిపోతున్నాడన్న వార్తలు వచ్చినప్పుడు, ఎవరో తెలియకముందే అతనికి ఆ పేరు పెట్టేశాం. వీధిలో కాస్త తేడాగా మాట్లాడిన ప్రతివాడికీ పెడుతున్నాం. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అనేది ఓ ప్రాంతం పేరు. అక్కడ మానసిక చికిత్సాలయం ఉండటంతో అదే తిట్టుగా కూడా వాడతాం. ఆ ఆస్పత్రికి వెళ్ళి, మందులు వాడి, బాగై తిరిగొచ్చిన మనిషికి ఇల్లు అద్దెకిస్తామా? పిల్లనిస్తామా? ఇంటిపక్కన కనబడితే పలకరిస్తామా? ‘సైకో 2’ వేసే ప్రశ్న ఇదే. మొదటి సినిమా, ఎదురుగా కూర్చున్న మర్యాదస్థుడి లోపల ఏముందో మీకు తెలుసా అని అడిగింది. రెండోది, నయమైందని చెబుతున్నవాణ్ణి మీరు నమ్మగలరా అని అడుగుతోంది. 1960లో ఈ రెండో ప్రశ్న వేయడం సాధ్యం కాదు. అందుకు ఆ 22 ఏళ్ళూ గడవాల్సిందే.

ఆలస్యంగా వచ్చిన సీక్వెల్‌ని తూచడానికి నాకు దొరికిన రాయి ఇదే. మొదటిదానంత గొప్పగా ఉందా అని చూడను. ఆ గడిచిన ఏళ్ళని కథలోకి తెచ్చుకుందా, లేక అవి గడవనట్టే నటించిందా అని చూస్తాను.

పెర్కిన్స్ మొహంలో ఆ ఏళ్ళన్నీ కనిపిస్తాయి. జబ్బుపడ్డప్పుడు అమ్మ మంచం దగ్గరికి తెచ్చిపెట్టిన తిండి వాసన గురించి ఓ రాత్రి మేరీతో చెబుతాడు. ఆమె ఒడిలో తలపెట్టుకున్న ఆ యాభై ఏళ్ళ మనిషి అప్పుడు ఏడేళ్ళ పిల్లాడు. అదే అమ్మని తన చేత్తో చంపినవాడు కూడా. ఈ రెండూ ఒకే మొహంలో చూపించాడు పెర్కిన్స్. ఇంట్లో పియానో ముందు కూర్చుని బీథోవెన్ ‘మూన్‌లైట్ సొనాటా’ వాయిస్తాడు. మొదటి సినిమాలో లైలా అతని గదిలోకి వెళ్ళినప్పుడు గ్రామఫోను మీద కనిపించింది కూడా బీథోవెన్ రికార్డే. ఈ ముడి ఎవరూ నొక్కి చెప్పరు. గమనించినవాళ్ళకి దొరుకుతుంది.

సంగీతంలో జెర్రీ గోల్డ్‌స్మిత్ కూడా వివేకం చూపించాడు. హెర్మన్ వయొలిన్ల కీచుని ఆ తొలి పాత దృశ్యానికే వదిలేసి, నార్మన్ కోసం ఓ దిగులు బాణీ కట్టాడు. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ అప్పటికే ‘హాలోవీన్’ తీసిన చెయ్యి, ఇంటి మలుపుల్లో చీకటిని ఎంత ఉంచాలో అంతే ఉంచాడు. నార్మన్, మేరీ ఇద్దరూ అమ్మ గదిలోకి అడుగుపెట్టే చోట, దీపం వెలగక ముందు గోడ మీద ఓ నీడ కనబడుతుంది. లావుపాటి బొజ్జ, ముందుకు పొడుచుకొచ్చిన పెదవి. హిచ్‌కాక్ నీడ! తన సినిమాల్లో చాలావాటిలో ఓ చోట కనిపించే అలవాటున్న గురువుకి శిష్యుడు పెట్టిన నమస్కారం అది.

బొగ్గుపార

ఇక లోపాలు. అవి చిన్నవి కావు.

1983 నాటికి హాలీవుడ్‌లో కత్తిపోట్ల సినిమాల జాతర నడుస్తోంది. 1980లో వచ్చిన ‘ఫ్రైడే ది థర్టీన్త్’ తర్వాత, నెలకో ముసుగు మనిషి కుర్రాళ్ళని నరుకుతున్నాడు. ‘సైకో 2’ ఆ గిరాకీకి లొంగింది. నేలమాళిగలోకి దొంగతనంగా దూరిన జంటలో కుర్రాణ్ణి పొడిచి చంపే దృశ్యం కథకి అక్కర్లేనిది. లైలాని చంపే తీరు మరీ దారుణం. కత్తి నోట్లోంచి దించుతారు. తుడుపుగుడ్డతో భయపెట్టిన సినిమాకి వారసురాలు చేయాల్సిన పని కాదిది. ఇన్నేళ్ళ దుఃఖంతో వచ్చిన ఆ స్త్రీకి, మనం అంతసేపు గౌరవించిన పాత్రకి, ఆ చావు అవమానం.

చివరి భాగంలో సంఘటనలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మేరీ, నార్మన్ అమ్మ వేషం వేసుకుని అతన్ని ఆపబోతుంది. వెనక నుంచి పట్టుకున్న, నార్మన్‌కి వైద్యం చేసిన డాక్టర్‌ని పొరపాటున పొడుస్తుంది. నార్మన్ ఆమె వైపు నడుస్తాడు. నీకేం కాదు, ఎవరికీ తెలియనివ్వనని పసిపిల్లకి చెప్పినట్టు చెబుతూ, ఆమె చేతిలోని కత్తి అలుగుని ఉత్త చేతులతో పట్టుకుంటాడు. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు కారుతున్నా వదలడు. ఎంత భయంకరంగా ఉందో అంత జాలిగా ఉంటుంది ఆ దృశ్యం. సినిమా అక్కడ ఆగిపోయినా నేను చేతులు జోడించేవాణ్ణి.

ఆగదు. మేరీ పోలీసు తూటాకి చనిపోతుంది. అంతా సద్దుమణిగాక ఇంటికి ఓ ముసలావిడ వస్తుంది. హోటల్లో నార్మన్‌తో పనిచేసిన మిసెస్ స్పూల్. నీ అసలు తల్లిని నేనే, నువ్వు చంపిన ఆవిడ నా తోబుట్టువు, ఈ హత్యలన్నీ నీకు అడ్డొస్తున్నారని నేనే చేశానని చెబుతుంది. నార్మన్ విషం కలిపిన టీ ఇస్తాడు. ఆమె తాగుతుండగా వెనక నుంచి బొగ్గుపారతో నెత్తి మీద ఒక్క దెబ్బ వేస్తాడు. శవాన్ని ఎత్తుకుని మేడ మీద అమ్మ గదిలోకి తీసుకెళతాడు. అమ్మ గొంతు మళ్ళీ వినబడుతుంది. మోటెల్ మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆ పార దెబ్బ గొప్ప సినిమా. ఏ హడావిడీ లేకుండా, ఇంటికొచ్చిన పెద్దావిడకి టీ ఇచ్చే మర్యాద నడుమ పడుతుంది ఆ దెబ్బ. కానీ ఆ ముసలావిడ చెప్పే కథ మాత్రం అతుకు. రెండు గంటల పాటు నార్మన్ లోపల జరుగుతున్న పోరు చూపించి, చివరికి నేరమంతా బయట నుంచి వచ్చిన ఓ కొత్త మనిషి మీద వేయడం కథకుడు తప్పించుకోవడమే. ఈ అతుకు ఎంత బలహీనమో మూడేళ్ళకే తేలింది. 1986లో పెర్కిన్సే దర్శకత్వం వహించిన ‘సైకో 3’లో ఆమె తల్లి కాదు, పిన్నమ్మేనని మార్చేశారు.

అయినా ఒక లెక్క చూడండి. మేనేజరు, కుర్రాడు, లైలా ముగ్గురినీ చంపింది స్పూల్. డాక్టర్ చావు మేరీ పొరపాటు. మేరీని చంపింది పోలీసు. సినిమా మొత్తంలో నార్మన్ చేసిన హత్య ఒక్కటే, ఆ చివరిది. అప్పటిదాకా చుట్టూ ఉన్నవాళ్ళందరూ కలిసి తోస్తున్నా అతను నిలబడే ఉన్నాడు. 743 మంది సంతకాలు పెట్టి చెప్పిన జోస్యం నిజమైంది, దాన్ని నిజం చేయడానికి వాళ్ళే కష్టపడ్డాక. మొదటిసారి చూసినప్పుడు మేం నలుగురం ఈ లెక్క వేయలేదు. నార్మన్ ఎప్పుడు చంపుతాడా అని చూస్తూ కూర్చున్నాం. మేమూ సంతకం పెట్టినవాళ్ళమే.

మిగతావాళ్ళు తెచ్చిన ఏళ్ళు

ఈ తూనికరాయి మిగతా సినిమాలకి పనికొస్తుందా అని చూశాను. స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ 1980లో వస్తే, మైక్ ఫ్లానగన్ ‘డాక్టర్ స్లీప్’ 2019లో వచ్చింది. 39 ఏళ్ళు. నాన్న గొడ్డలి నుంచి తప్పించుకున్న పిల్లాడు పెద్దవాడై, నాన్నలాగే తాగుబోతయ్యాడు. తాగుడు మానడానికి అతను పడే కష్టం చూపినంతసేపూ ఆ సినిమా గొప్పగా ఉంటుంది. చివర్లో పాత హోటల్‌కి తీసుకెళ్ళి పాత గదులన్నీ తిప్పి చూపించేటప్పుడు నీరసిస్తుంది. 2018 నాటి ‘హాలోవీన్’ జేమీ లీ కర్టిస్‌ని 40 ఏళ్ళ తర్వాత మళ్ళీ తెచ్చింది. ఇంటిని కోటలా మార్చుకుని, కూతురికి తల్లిగా కాక కాపలాదారుగా బతికిన స్త్రీ ఆమె. ఆ మొహంలో 40 ఏళ్ళూ ఉన్నాయి. హంతకుడైన ముసుగు మనిషిలో మాత్రం ఒక్క ఏడాదీ లేదు.

మనకి దగ్గరి ఉదాహరణ ‘చంద్రముఖి’. 2005లో తెలుగు ఇళ్ళల్లో పిల్లల దగ్గర్నుంచీ అందరికీ కంఠతా వచ్చిన సినిమా. పి. వాసు 2010లో ‘నాగవల్లి’, 2023లో ‘చంద్రముఖి 2’ తీశాడు. మళ్ళీ పాత బంగళా, మళ్ళీ నాట్యకత్తె, మళ్ళీ రాజు. మొదటిదానిలో తానే చంద్రముఖిననుకున్న గంగ ఏమైంది? నయమై భర్తతో ఇంటికెళ్ళిన ఆ అమ్మాయి తర్వాత ఎలా బతికింది? గజ్జెల చప్పుడు వినబడితే ఆమె చెయ్యి ఆగిందా? ఆ భర్త నిద్రపోయాడా? పద్దెనిమిదేళ్ళు చేతిలో ఉన్నా ఆ ప్రశ్న కథ కాలేదు. నాకు దిగులుగా ఉంటుంది, ఎందుకంటే ఆ కథ తీయదగ్గది.

‘సైకో 2’ దాదాపు 50 లక్షల డాలర్లతో తయారై 3 కోట్ల 40 లక్షల డాలర్లకి పైగా వసూలు చేసింది. ఆ డబ్బు చూసి ‘సైకో 3’ వచ్చింది, 1990లో టీవీ కోసం నాలుగోదీ వచ్చింది. 1998లో గస్ వాన్ సాంట్ మొదటి సినిమానే షాట్ తర్వాత షాట్ రంగుల్లో తిరిగి తీశాడు. ఎంత జాగ్రత్తగా అచ్చుదింపినా అందులో ప్రాణం లేకపోయింది. పెర్కిన్స్ 1992 సెప్టెంబరులో చనిపోయాడు.

నా తీర్పు ఇది. ‘సైకో 2’ గొప్ప సినిమా కాదు. మూడు వంతులు గొప్పదై చివరి వంతులో చెయ్యి జారిన మంచి సినిమా. ఆ మూడు వంతుల్లో హిచ్‌కాక్ తీయని కథ ఉంది, పెర్కిన్స్ తప్ప ఎవరూ చేయలేని నటన ఉంది.

చూడదలిస్తే మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. రెండూ ఒకే రాత్రి పెట్టుకోవద్దు. మొదటిది చూసి కొన్నాళ్ళు, వీలైతే కొన్నేళ్ళు వదిలేయండి. నార్మన్ మొహం మీ మనసులో కాస్త పాతబడనివ్వండి. అప్పుడు రెండోది పెట్టుకుని, అతను సొరుగు దగ్గర ఆగే చోట అతని చెయ్యి చూడండి.